ముందు మరమ్మతు, తర్వాతే మెరుగులు

ఆగమన కాలం వచ్చిందంటే మన విచారణల్లో యువకులకు చేతినిండా పని. దేవాలయంలో పశువుల పాక కట్టాలి. వెదురు బొంగులు, ఎండుగడ్డి, కొండల కోసం పాత గోనె సంచులు, చిన్న చిన్న డబ్బాల్లో మొలకెత్తించిన రాగులు, ఇవన్నీ నాలుగు వారాల్లో సమకూర్చుకోవాలి. మా విచారణ రైల్వే కాలనీని ఆనుకొని ఉంది. అందుచేత గొర్రెలతో, ఒంటెలతో పాటు పాక చుట్టూ ఒక రైలు కూడా తిరగాలని మా పిల్లల కోరిక. బెత్లెహేములో రైలేమిటని ఒకరిద్దరు పెద్దలు ముఖం చిట్లించారు. విచారణ గురువుగారు మాత్రం నవ్వి, "ప్రభువు మన మధ్యకే గదా వచ్చింది. మన మధ్య ఉన్నది రైలే గదా" అని ఒప్పుకున్నారు.

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మా విచారణ బిడ్డ ఒకరు ఈ మాట విని, అక్కడి పాత సామాన్ల అంగడిలో కొన్న ఒక డీజిల్ ఇంజను నమూనాను, పట్టాలను, నాలుగు పెట్టెలను పార్సిలు చేశారు. అసలు ఇంజనులో 87వ వంతు. అంటే జానెడు పొడవు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది ఆల్కో అనే అమెరికన్ కంపెనీ ఇంజనుకు నమూనా. మన డబ్ల్యూ.డి.ఎం.2 డీజిల్ ఇంజన్లు 1962లో మొదట వచ్చింది ఆ కంపెనీ నుంచే. 1964 నుంచి వాటిని వారణాసిలో తయారుచేశారు. కాబట్టి మా కాలనీవాళ్లు ఆ బొమ్మ ముఖం చూడగానే "మన ఇంజనుకు పెద్దన్నలా ఉందే!" అని మురిసిపోయారు.

పట్టాల మీద పెట్టి కరెంటు ఇస్తే ఇంజను కదిలింది. కాని నడక సరిగా లేదు. టక్... టక్... టక్... అంటూ కుంటుతూ నడిచింది. పెట్టెలు తగిలిస్తే వంపు తిరిగే చోట ఆగిపోయింది.

అప్పుడు యువకులు సమావేశమయ్యారు. ముందు భాగాన మంచి దీపం పెడదామని ఒకడు అన్నాడు. మన రైల్వే రంగులు వేద్దామని మరొకడు. అసలు ఇంజనులాగా హారన్, డీజిల్ చప్పుడు వినిపించే చిప్పు దొరుకుతుందని, తాను ఇప్పటికే తెప్పించానని మూడోవాడు. అతనే ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ చప్పుడు పెడితే ఈ టక్ టక్ ఎవరికీ వినపడదు మాస్టారూ!"

ఆ మాటకు అందరితోపాటు నేనూ నవ్వి, సరేనన్నాను. పాఠకులకు ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

విప్పి చూస్తే

ఆ సాయంత్రం జపమాల ముగిశాక, డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడికి వచ్చారు. బొమ్మ ఇంజనును రెండు చుట్లు తిప్పించి, వంగి చెవిపెట్టి విన్నారు. "రంగు సంగతి తర్వాత. ముందు విప్పండి బాబూ" అన్నారు.

పై ప్లాస్టిక్ తొడుగు తీశాక లోపల కనిపించినది ఎవరికైనా అర్థమయ్యే ఏర్పాటే. నడుమ ఒక మోటారు. దానికి అటూ ఇటూ సన్నని కడ్డీలు. అవి ముందు, వెనుక ఉన్న చక్రాల చట్రాలలోని గేర్లను తిప్పుతాయి. పట్టాల్లో పారే 12 వోల్టుల కరెంటు చక్రాల ద్వారానే మోటారుకు చేరుతుంది. మొత్తం ఆరు ఇరుసులు. ఒక్కొక్క ఇరుసు నడుమ ఒక ప్లాస్టిక్ గేరు.

ఇక్కడే ఉంది కిటుకు. ఆ ఇరుసు ఒకే కడ్డీ కాదు. అటొక సగం, ఇటొక సగం. రెండింటినీ గేరు గొట్టంలోకి బిగించి దూర్చారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. లోపలి ఇనుప కడ్డీ కుంచించుకోదు. చివరికి ఒత్తిడి తట్టుకోలేక గేరు వెంట్రుకవాసి పగులుతుంది. ఆ పగులు రెండు పళ్ల మధ్య పడితే అక్కడ సందు పెరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పక్క గేరు పన్ను ఆ సందు దగ్గర ఎక్కి దిగుతుంది. ఆ టక్ టక్ అదే. పాత నమూనా ఇంజన్లలో తరచు కనిపించే జబ్బే ఇది. పెద్దాయన వేలిగోటితో తడిమి, ఆరింటిలో మూడు పగిలాయని చూపించారు.

ఒక కుర్రవాడు జిగురు ట్యూబు తీశాడు. ఆయన వద్దన్నారు. "ఈ ప్లాస్టిక్ జిగురును పట్టుకోదు బాబూ. పట్టుకున్నా లోపలి ఒత్తిడి ఎక్కడికి పోతుంది? రేపు మళ్లీ పగులుతుంది. కొత్త గేరు వేయాల్సిందే."

తర్వాత ఆయన చేసిన పని నన్ను ఆలోచనలో పడేసింది. ఇంటికి వెళ్లి తన పాత మీటరు తెచ్చి, ఇంజను ఎంత కరెంటు లాగుతోందో కొలిచారు. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి మోటారుకు మామూలుగా అర ఆంపియరు కూడా అక్కరలేదు. ఈ ఇంజను బిగుసుకున్న చోటల్లా మీటరు ముల్లు ఒక ఆంపియరు దాటింది. మా కుర్రవాడు తెప్పించిన శబ్దపు చిప్పు భరించగలిగేది ఒక్క ఆంపియరే. అంటే ఏ లోపాన్ని కప్పిపెట్టడానికి ఆ చిప్పు తెచ్చామో, ఆ లోపమే చిప్పును కాల్చేసి ఉండేది.

"లోపల బిగుసుకున్న బండికి పైన ఏది తగిలించినా కాలిపోతుంది" అన్నారు పెద్దాయన. ఆయన ఇంజను గురించే అన్నారు. నాకు మాత్రం వేరేగా వినిపించింది.

మరమ్మతుకు సాక్షులుండరు

ప్రియ పాఠకులారా, మనం బాగుపడాలని కోరుకోవడంలో రెండు రకాలున్నాయి. ఉన్న లోపాన్ని సరిదిద్దుకోవడం ఒకటి. లేని మెరుగును తగిలించుకోవడం రెండోది. మొదటిది మరమ్మతు, రెండోది అలంకారం. రెండూ మంచివే. కాని మనకు రెండోదే ఎందుకు ముద్దు? ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది: అలంకారాన్ని నలుగురూ చూస్తారు, మరమ్మతును ఎవరూ చూడరు. గేరు మార్చిన ఇంజను మార్చకముందు ఎలా కనిపించిందో అలాగే కనిపిస్తుంది. ఫొటో తీసినా తేడా తెలియదు. దీపం పెడితే మాత్రం చూసినవాళ్లంతా "ఎంత బాగుందో!" అంటారు.

మన ఆధ్యాత్మిక జీవితంలోనూ ఇంతే. తపస్సు కాలం రాగానే కొత్త నియమాలు పెట్టుకుంటాం. ఒక పూట ఉపవాసం, ఒక యాత్ర, ఒక నవదిన ప్రార్థన. ఎంతో మంచివి. కాని ఇంట్లో భార్యను చులకనగా మాట్లాడే అలవాటు అలాగే ఉంటుంది. అప్పు తీసుకున్న చోటికి వెళ్లకుండా పక్క వీధిలోంచి తిరిగే అలవాటు అలాగే ఉంటుంది. ఉపవాసం నలుగురికీ తెలుస్తుంది. నోరు అదుపులో పెట్టుకున్న సంగతి ఇంట్లో ఉన్న ఒక్క మనిషికే తెలుస్తుంది. రహస్యంలో చూసే తండ్రికి తెలుస్తుంది. ఆ ఇద్దరూ చాలరా?

పునీత అగుస్తీను గారు తన ఆత్మకథలో ఒక సంగతి దాచకుండా ఒప్పుకున్నారు. యౌవనంలో తాను పవిత్రత కోసం ప్రార్థించేవాడినని, కాని అది అప్పుడే దొరుకుతుందేమోనని లోలోపల భయపడేవాడినని రాశారు. ఆయన రాసి 1,600 ఏళ్లు దాటింది. మనం మారలేదు. బాగుపడడం ఇష్టమే, విప్పి చూసుకోవడమే ఇష్టం లేదు.

నా సంగతి

ఇతరుల ఉదాహరణలు ఎన్నయినా చెప్పవచ్చు. నాది చెప్పకపోతే ఈ వ్యాసమే ఒక రంగుపూత అవుతుంది.

నాకూ మా తమ్ముడికీ మాటలు లేక అప్పటికి నాలుగేళ్లయింది. నాన్నగారు కట్టిన ఇంటి భాగాల దగ్గర మాట తేడా వచ్చింది. అతనిది కొంత తప్పు, నాది కొంత. నా వంతు ఎక్కువే. ఈ నాలుగేళ్లలో నేను ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో పఠనం చదివాను. పిల్లలకు సత్యోపదేశం చెప్పాను. క్రిస్మస్‌కు మా డాబా మీద ఏటా మునుపటికంటే పెద్ద నక్షత్రం కట్టాను. ఆ నక్షత్రం మా తమ్ముడి వాకిట్లోంచి కనిపిస్తుంది. అతను దాన్ని చూసి ఏమనుకొని ఉంటాడో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ రాత్రి పెద్దాయన చెప్పిన చిప్పు సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "ఆ చప్పుడు పెడితే ఈ టక్ టక్ ఎవరికీ వినపడదు" అన్న కుర్రవాడు తెలియక అన్నాడు. నేను నాలుగేళ్లుగా తెలిసే చేస్తున్నాను.

యేసుప్రభువు ఈ విషయంలో క్రమం స్పష్టంగా చెప్పారు. పీఠం దగ్గరకు కానుక తెచ్చినప్పుడు సోదరుడికి నీ మీద ఏదైనా ఉన్నదని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి, ముందు అతనితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నారు (మత్తయి 5:23-24). గమనించండి, కానుక వద్దని ఆయన అనలేదు. వెనక్కు తీసుకుపొమ్మనీ అనలేదు. అక్కడే ఉంచి వెళ్లమన్నారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఆయన చెప్పినది.

ఒక సందేహం

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. లోపాలన్నీ సరిదిద్దుకున్నాకే మంచిపని చేయాలంటే ఈ లోకంలో ఏ మంచిపని అయినా జరుగుతుందా? పాపులు కానివారే గాయక బృందంలో పాడాలంటే గుడిలో పాట వినిపిస్తుందా?

వినిపించదు. పెద్దాయన కూడా ఇంజను నూటికి నూరుపాళ్లు బాగయ్యేదాకా దీపం పెట్టవద్దనలేదు. తొడుగు మీద గీతలున్నాయి, ఒక మెట్టు విరిగింది. అవి ఉండనిమ్మన్నారు. తెలియని లోపం వేరు, తెలిసి దాచిన లోపం వేరు. బలహీనతతో కుంటుతూ సేవ చేయడం వేరు, కుంటును కప్పడానికి సేవను వాడుకోవడం వేరు. మొదటిది వినయం, రెండోది వేషం. చేసే పని చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. కాబట్టి పక్కవాడి పని చూసి అది వేషమని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. ఎవరి ఆత్మశోధన వారిదే.

దీనికి ఎదురుగా మరో ప్రమాదం ఉంది. మా యువకుల్లో ఒకడు అనుమానంతో ఆ ఇంజనును రోజుకోసారి విప్పి చూడడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్‌లోకి దిగే సన్నని మరలు అవి. పదిసార్లు విప్పి బిగిస్తే రంధ్రం అరిగి మర పట్టు తప్పుతుంది. చేయని పాపం కూడా చేశానేమోనని నిత్యం మథనపడే మనస్సు కూడా ఇలాగే అరిగిపోతుంది. ఒకసారి నిజాయితీగా విప్పు, సరిచేయి, మూసెయ్యి, నడిపించు. క్షమించానని దేవుడు చెప్పాక మళ్లీ విప్పడం భక్తి కాదు.

బాగుపడని లోహం

పెద్దాయన మాకు ఇంకో సంగతి చెప్పారు. కొన్ని పాత నమూనా ఇంజన్లకు మరమ్మతు లేదట. అడుగు చట్రం జింకు మిశ్రమంతో పోత పోస్తారు. ఆ పోతలో సీసం లాంటి మలినం అతి స్వల్పంగా కలిసినా, ఏళ్లు గడిచాక లోహం లోపలినుంచే ఉబ్బి, వంగి, పెళ్లలుగా రాలిపోతుంది. దానికి మందు లేదు. ఈ జబ్బుకు కారణాన్ని లోహ శాస్త్రజ్ఞులు 1920లలో కనుగొన్నారు. అప్పటినుంచి బాగా శుద్ధిచేసిన జింకునే వాడాలని నియమం పెట్టుకున్నారు. నియమం తప్పిన చోట ఆ తర్వాత కూడా ఈ జబ్బు వచ్చింది. అదృష్టవశాత్తు మా ఇంజను చట్రం గట్టిదే.

అది విని నేను ఆలోచించాను. మనిషి ఏ రకం? మురికి పట్టిన చక్రమా, పగిలిన గేరా, లేక పోతలోనే చెడిన లోహమా? "వాడింతే, పుట్టుకతోనే అంత, వాడు మారడు" అని మనం ఎంత తేలిగ్గా అంటాం! మా తమ్ముడి గురించి నేనూ ఇదే మాట అన్నాను. అతనూ నా గురించి అని ఉంటాడు.

శ్రీసభ ఈ మాట ఒప్పుకోదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, జన్మపాపం వల్ల మానవ స్వభావం గాయపడిందని, కాని పూర్తిగా చెడిపోలేదని బోధిస్తుంది (405). మన పోత మంచిదే. పోసినవాడు దేవుడు గనుక మంచిదే. గాయం మాత్రం నిజం. దేవుని వరప్రసాదం మన స్వభావాన్ని తోసివేసి వేరేది పెట్టదని, ఉన్నదాన్నే స్వస్థపరచి పరిపూర్ణం చేస్తుందని పునీత తోమాసు అక్వీనాసు గారి బోధ. కాబట్టి బతికున్న ఏ మనిషిని గురించీ "ఇక బాగుపడడు" అనే అధికారం మనకు లేదు.

ఒక్క హెచ్చరిక. మనిషి యంత్రం కాడు. నడవని ఇంజనుకు విలువ తగ్గుతుంది. నడవలేని మనిషికి తగ్గదు. చూపులేని బిడ్డను, మంచాన పడిన తల్లిని, మతి తప్పిన తాతను మరమ్మతు కావలసినవారిగా చూడకూడదు. పుట్టు గుడ్డివాడిని చూసి ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగితే, అతను గాని, అతని తలిదండ్రులు గాని చేసిన పాపం కాదని ప్రభువు చెప్పారు (యోహాను 9:3). నేను పగులు అంటున్నది మన చేతులారా చేసుకున్నదాన్నే.

కొత్త గేర్లు

కొత్త గేర్లు అమెరికా నుంచి రావాలి. అవి వచ్చేలోగా చేయగలిగిన పని చేశాం. చక్రాల మీద పేరుకున్న నల్లని మురికిని మెత్తని గుడ్డతో, స్పిరిటుతో తుడిచాం. బంకలా గట్టిపడిన పాత గ్రీజును తీసి, ప్లాస్టిక్‌ను పాడుచేయని నూనె చుక్క చొప్పున వేశాం. ఎక్కువ వేస్తే అదే మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. మన అనుదిన పశ్చాత్తాప ప్రార్థన ఇలాంటి శుభ్రత. రోజూ చేసుకోవలసిందే. కాని పగులు తుడిస్తే పోదు. అందుకు మన దగ్గర లేని భాగం బయటినుంచి రావాలి, తెలిసిన చేయి వేయాలి. పాపసంకీర్తనంలో జరిగేది అదే. "నేను నేరుగా దేవుడికే చెప్పుకుంటాను, గురువెందుకు?" అనేవారికి నా జవాబు ఇంతే: తన గేరు తానే మార్చుకున్న ఇంజనును నేను ఇంతవరకు చూడలేదు.

ఆ క్రిస్మస్‌కు రైలు నడవలేదు. పాక పక్కన స్టేషనులో ఊరికే నిలబెట్టాం. చూడవచ్చిన పిల్లలు "ఇది నడవదా?" అని అడిగితే, మా కుర్రవాళ్లు "మరమ్మతులో ఉంది" అని సిగ్గుపడకుండా చెప్పారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

నేనూ ఆ ఏడు డాబా మీద నక్షత్రం కట్టలేదు. క్రిస్మస్ మర్నాడు సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది మా మరదలు. "రండి బావగారూ" అంది. తమ్ముడు కుర్చీ చూపించాడు. "తప్పు నాదిరా" అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "టీ తాగుతావా అన్నయ్యా?" అన్నాడు. ఆ రోజుకు అంతే.

గేర్లు వచ్చాయి. పెద్దాయన మూడే కాదు, ఆరూ మార్చారు. తక్కినవీ అదే వయసువి గదా అన్నారు. మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. ప్రతి ఇరుసు మీదా రెండు చక్రాల మధ్య దూరం కొలిచి సరిచేయాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టాలు చీలే చోట బండి పడిపోతుంది. ఆ కొలతకు ఒక పూట పట్టింది. పాపక్షమాపణ పాపాన్ని తొలగిస్తుంది గాని, పాపం వల్ల జరిగిన నష్టాన్నంతా సరిచేయదని, దాన్ని మనం పూడ్చాలని సత్యోపదేశం చెబుతుంది (1459). మా ఇద్దరి మధ్య ఇంటి కాగితాల సంగతి ఇంకా ఉంది. నేను వదులుకోవలసింది కొంత ఉంది. ఆ కొలత ఇంకా జరుగుతూనే ఉంది.

ముగ్గురు రాజుల పండుగనాడు రైలు నడిచింది. నాలుగు పెట్టెలతో వంపు తిరిగింది. టక్ టక్ లేదు. మీటరు ముల్లు అర ఆంపియరు దాటలేదు. అప్పుడు పెద్దాయనే ఆ కుర్రవాడిని పిలిచి, "ఏదయ్యా నీ చిప్పు? ఇప్పుడు పెట్టు" అన్నారు. హారన్ మోగింది. దీపం వెలిగింది. చిప్పు కాలలేదు.

పాఠకులారా, ఈ వారం మీ ఇంట్లో పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు దీపాలు, చప్పుళ్లు అన్నీ ఆపి వినండి. మీ లోపల ఎక్కడ టక్ మంటోందో మీకే తెలుస్తుంది. అది తెలిసిన చోటే ప్రభువు మీకోసం కాచుకొని ఉన్నారు. కానుకను పీఠం దగ్గరే ఉంచి వెళ్లండి. మీరు తిరిగి వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.